మూడో వరస

ఎవడ్రా నా నేలను పీకి మళ్ళీ వేసింది? ముందు ఆ మాటే నోటిదాకా వచ్చింది, పైకి అనబోయి మింగేశాను, కంటి ఆసుపత్రిలో పొద్దున్నే అరిస్తే కళ్ళతో పాటు బుర్ర కూడా చూపించుకోమంటారు. ఆయా కుర్చీలన్నీ ఒక పక్కకి నెట్టేసి తడిబట్ట పెడుతోంది. రోజూ ఇలాగే పెడుతుందేమో, నాకు తెలీదు, నేనెప్పుడూ జనం నిండాకే వస్తాను, కూర్చోగానే నర్సమ్మ వచ్చి తల వెనక్కి వంచి కళ్ళల్లో చుక్కలు వేస్తుంది, ఆ తర్వాత లోకమంతా పాలు ఒలికినట్టే. ఇవాళ మా ఆవిడ తొందరపెట్టి మొదటి చీటీ తీయించింది. చుక్కలు ఇంకా పడలేదు. హాలు ఖాళీ. తడి నేల మీద కిటికీ వెలుతురు పడి జాయింట్లన్నీ బొగ్గుతో గీసినట్టు కనిపిస్తున్నాయి. గోడ వైపు మొదటి రెండు వరసలూ బుద్ధిగా, తిన్నగా ఉన్నాయి. మూడో వరస దగ్గర మొదలైంది రోగం. గుమ్మం దగ్గర సరిగానే బయల్దేరింది, పది పలకలు దాటాక మెల్లగా కుడికి జరిగింది, హాలు మధ్యకి వచ్చేసరికి సుష్టుగా తిన్నవాడి పొట్టలా ముందుకొచ్చింది, మళ్ళీ మందుల కౌంటరు దగ్గరికి చేరేసరికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంది. రెండో వరసకీ మూడో వరసకీ మధ్య సందు ఒక చోట అగ్గిపుల్ల మందం, ఇంకో చోట నా చిటికెన వేలు దూరుతుంది. తర్వాతి వరసలన్నీ దాని వెనకే, గొర్రెల మందలాగా, అదే వంకర. ఇది నేను వేసిన నేల కాదు.

ఈ హాలు వేసింది నేనే, అందులో అనుమానం లేదు. పదిహేను నెలల కిందట, గోడలకి ఇంకా రంగు కూడా పడకముందు, ఈ గుమ్మానికి తలుపు లేనప్పుడు, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పలకా రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టింది నేను. ముప్ఫై ఏళ్ళుగా టైల్స్ మేస్త్రీని. మనుషులు నడుస్తూ ఎదురుగా చూస్తారు, నేను కిందకి చూస్తాను, పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా ముందు నేల చూస్తాను, ఒకసారి మా ఆవిడ చిన్నాన్న పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను మూల దగ్గర ముక్క సరిగా కోయలేదని గొణిగానట, ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటి నేను ఇలాంటి నేల వేస్తానా? నీళ్ళ గొట్టం ఏదో పగిలి ఉంటుంది, పీకేసి ఉంటారు, ఎవడో చేతకానివాడిని పిలిచి తిరిగి వేయించి ఉంటారు, నాకొక్క మాట చెప్పొద్దూ, నేను నెలనెలా ఇక్కడే కూర్చుంటున్నాను కదా, కంట్లో సూది పొడిపించుకోవడానికి పనికొచ్చిన వాణ్ణి నేల బాగుచేయడానికి పనికిరానా? కోపం నా ముక్కు మీదే ఉంటుంది, అందరికీ తెలుసు. ఎడమ కన్ను మూసి చూశాను. వంకరే. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. ఎడమ కంటికి ఆయా కూడా సరిగా కనిపించదు, మధ్యలో బూడిద రంగు మచ్చ ఒకటి ఎటు చూస్తే అటు ముందుగా వచ్చి నిలబడుతుంది. మళ్ళీ కుడి కన్ను. వంకరే, స్పష్టంగా, సిగ్గూ శరం లేకుండా వంకర.

గుర్తు చూద్దాం అనుకున్నాను. నాకొక అలవాటుంది, మా గురువు దగ్గర నేర్చుకున్నది, పని పూర్తయ్యాక తలుపు వెనక మూలలో, ఆఖరి ముక్క పక్కన, సిమెంటు పచ్చిగా ఉండగానే మేకుతో మూడు గీతలు గీస్తాను, కాకికాలులాగా. ఇంటివాళ్ళెవరికీ తెలీదు. అది లేకపోతే నా నేలను పీకేశారన్నమాట, అప్పుడు వెళ్ళి డాక్టరమ్మని నిలదీస్తాను, మర్యాదగానే నిలదీస్తాను. లేచి తలుపు వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. తడి పంచెకి అంటింది.

"ఏం పోయింది పెద్దాయనా, ఉంగరమా?" అంది ఆయా, బట్ట పిండుతూ.

"గుర్తు" అన్నాను.

"గుర్తులేకపోతే లోపల మందిస్తారులే" అని నవ్వింది.

అక్కడే ఉంది. మూడు గీతలు. మధ్య గీత కాస్త పొడుగు, నేను ఎప్పుడూ అలాగే గీస్తాను, మేకు చివర జారిన చోట చిన్న గుంట, సిమెంటు రాయిలా గట్టిపడి, పదిహేను నెలల మట్టి అందులో నల్లగా పేరుకుని. పలక అంచు పగలలేదు, కదల్లేదు, ఎవడూ ముట్టుకోలేదు. నా గుర్తు. నా నేల. అక్కడే, తలుపు వెనక, తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. నెత్తిన పిడుగు పడితే కనీసం చప్పుడవుతుంది, చుట్టుపక్కలవాళ్ళకి తెలుస్తుంది, ఇది నాకొక్కడికే పడింది, ఆయా తన మానాన తను తుడుచుకుంటోంది.

బావా, మూడో వరస నుంచి లైను తప్పుతోంది. ఆ మాట ఈ హాల్లోనే అన్నాడు. కరెక్టుగా ఎక్కడ నిలబడి అన్నాడో చెప్పగలను, అదిగో ఆ స్తంభం పక్కన, చేతిలో దారం ఉండ పట్టుకుని. నా బావమరిది. పుల్లలా ఉంటాడని పుల్ల అని పిలుస్తాం, పెట్టిన పేరు వాడికే గుర్తుందో లేదో. పద్దెనిమిదేళ్ళకి నా దగ్గర సిమెంటు కలపడానికి వచ్చాడు, ఇరవై ఏళ్ళు నా ఎడమ చేయి వాడే, నేను చేయి చాపితే ఏం కావాలో అడగకుండా అదే పెట్టేవాడు, తాపీ అయితే తాపీ, మూలమట్టం అయితే మూలమట్టం. నోట్లో నాలుక లేనివాడు. ఆ రోజు పొద్దున్న గోడని ఆనుకుని రెండు వరసలు వేశాం. దారం కట్టింది వాడే, ఆ గోడకో మేకు, ఈ గోడకో మేకు, మధ్యలో బిగుతుగా దారం, మీటితే తీగలా మోగాలి, అలా కట్టేవాడు. టీ తాగి వచ్చి మూడో వరసకి కూర్చున్నాను. దారం వైపు చూస్తే మధ్యలో లోపలికి వంగి ఉంది. బాగా వంగి ఉంది, నా కళ్ళతో చూశాను, ఎవరో వేలితో లోపలికి నొక్కి పట్టుకున్నట్టు. ఒరేయ్ దారం సరిగ్గా కట్టరా అన్నాను. వాడు మీటి చూపించాడు, మోగింది. అయినా వంగే ఉంది. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పుడు, ఈ తలుపు వెనక, చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. మధ్యలో ఇంకో మేకు కొట్టి, దారాన్ని పక్కకి లాగి, తిన్నగా కనిపించేదాకా లాగి, ఆ మేకుకి తగిలించాను. తిన్నగా ఉన్న దారాన్ని పట్టుకుని వంచాను. పుట్టి బుద్ధెరిగాక ఏ మేస్త్రీ అయినా రెండు మేకుల మధ్య దారానికి మూడో మేకు కొట్టాడా?

వాడు చూశాడు. నాలుగు పలకలు వేసేదాకా ఊరుకున్నాడు, తర్వాత మెల్లగా, ఎవరూ వినకుండా, బావా, మూడో వరస నుంచి లైను తప్పుతోంది అన్నాడు. ఆడలేనివాడే మద్దెల ఓడంటాడు నోర్ముయ్ అన్నాను. కాదు బావా, దారం సరిగానే ఉంది, నీకే వంకరగా కనిపిస్తోంది, ఒకసారి పక్కకి జరిగి చూడు. నీకే వంకరగా. ఆ మాట. ముప్ఫై ఏళ్ళలో నా కన్ను వంకర అన్నవాడు లేడు, రసమట్టం తీయకముందే నేలలో వాలు ఎటుందో చెప్పేవాణ్ణి, పందెం కట్టి గెలిచేవాణ్ణి, నా కన్ను నా కూడు, దాని మీద మాట పడేసరికి ఒళ్ళు తెలీలేదు. చేయి లేచింది. చెంప మీద పడ్డ చప్పుడు ఖాళీ హాల్లో ఎంత పెద్దగా వినిపించిందో, మెట్ల మీద నుంచి డాక్టరమ్మ తొంగి చూసింది, కాంట్రాక్టరు పరిగెత్తుకొచ్చాడు, ఏమైంది మేస్త్రీ, ఏమైంది అని. ఏమీ లేదని అనొచ్చు కదా. పొద్దున్నే తాగొచ్చి పని చెడగొడుతున్నాడండీ అన్నాను. నేనే, ఈ నోటితోనే. వాడు దగ్గుమందు వాసనకి కూడా మొహం తిప్పుకునేవాడు. నా వైపు చూశాడు. అప్పటికే నాకు మొహాలు సరిగా కనిపించేవి కావు, కాబట్టి వాడెలా చూశాడో నాకు తెలీదు, తెలీకపోవడమే నయం అని ఇన్నాళ్ళూ అనుకున్నాను, నయం కాదు, ఇప్పుడు నాకు తోచిన మొహమల్లా పెట్టుకుని చూస్తున్నాడు. దారం ఉండ నా పక్కన పెట్టాడు. ఇది నీ దగ్గరే ఉండనీ బావా అన్నాడు. వెళ్ళిపోయాడు.

అంతటితో ఊరుకున్నానా? లేదు. పలకల కొట్టు దగ్గర పొద్దున్నే మేస్త్రీలందరం చేరతాం, అక్కడ కూడా చెప్పాను, నా బావమరిదే కదా నేను చెబితే నిజమే అనుకుంటారు, తాగుబోతు, చేయి వణుకుతోంది, లైను పట్టలేడు అని. ఒక్క మేస్త్రీ కూడా పిలవలేదు వాణ్ణి. ఇప్పుడు ఏదో గోదాములో బస్తాలు మోస్తున్నాడని మా ఆవిడ ఒకసారి అంది, అని, నా మొహం చూసి మాట మార్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, మా ఆవిడే పెంచింది, చంకనెత్తుకుని పెంచింది, పెళ్ళయ్యాక కూడా వాడి కంచం మా ఇంట్లోనే. పదిహేను నెలలుగా వాడు మా గడప తొక్కలేదు, ఆవిడ ఒక్కసారి అడగలేదు. నేనేమో తప్పు తెలుసుకుని వాడే రావాలి అని కూర్చున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వాడి పేరు పాడుచేసింది నేను, వాడి వీపు మీద బస్తా పెట్టింది నేను, దారం సరిగానే ఉంది, వాడు సరిగానే ఉన్నాడు, వంకరంతా ఇక్కడ, ఈ బుర్రకి ముందున్న రెండు గోళీల్లో, అవునా, గోళీల్లోనేనా, కళ్ళకి జబ్బు చేస్తే నోటికేం వచ్చింది, చేతికేం వచ్చింది?

షుగరు పదేళ్ళుగా ఉంది. ఉంటే ఉంది, కాలు నొప్పి లేదు, కడుపు నొప్పి లేదు, టీలో రెండు చెంచాలు ఒకటి చేశాను, అదే పథ్యం. ఈ హాలు పని అయిన వారానికి డాక్టరమ్మే పిలిచి, మేస్త్రీ గారూ, ఒకసారి పైకి రండి, కళ్ళు చూస్తాను అంది. ఆసుపత్రి కొత్తది, బోణీకి నన్ను వాడుకుంటోంది అనుకున్నాను. తర్వాత చూద్దాంలెమ్మా అని నాలుగు నెలలు తప్పించుకు తిరిగాను. ఆ నాలుగు నెలల్లోనే ఒకరోజు ఎడమ కంట్లో సిరా చుక్క పడ్డట్టు నల్లగా ఏదో పాకింది, అప్పుడు పరిగెత్తుకొచ్చాను. డాక్టరమ్మ నా భాషలో చెప్పింది, గోడలో గొట్టం కారితే పైన రంగు ఎలా ఉబ్బుతుంది మేస్త్రీ గారూ, అలాగే కంటి వెనక పొర ఉబ్బింది, షుగరు వల్ల లోపలి సన్న నాళాలు కారుతున్నాయి, ఉబ్బిన గోడ మీద బొమ్మ వేస్తే ఎలా ఉంటుంది, మీకు అలా కనిపిస్తోంది. తల ఊపాను. ఊపానంతే, లోపలికి ఎక్కలేదు. మసక వస్తుందని అర్థమైంది, చీకటి వస్తుందని భయపడ్డాను, తిన్నగా ఉన్నది వంకరగా కనిపిస్తుందని, వంకరగా ఉన్నది తిన్నగా కనిపిస్తుందని, అది నా సంగతే అని, ఛ, ఎవరైనా అనుకుంటారా?

గళ్ళ కాగితం ఇచ్చారు. మధ్యలో చుక్క, చుట్టూ చిన్న చిన్న గళ్ళు, రోజూ ఒక్కో కంటితో చూడాలట, ఫ్రిజ్జు తలుపు మీద అంటించింది మా ఆవిడ. మొదటి రోజు చూసి ఎంత తిట్టానో, దీన్ని అచ్చేసినవాడికి మూలమట్టం అంటే తెలీదు, ఇలాంటి గళ్ళు నేల మీద వేస్తే తన్ని తగలేస్తారు అని. మా ఆవిడ అంట్లు తోముకుంటూ ఉంది. కంట్లో సూది అంటే మొదటిసారి ప్రాణం పైకే పోయింది, నొప్పి అంత లేదు, నొక్కినట్టుంటుంది, కానీ సూది కంటికే కనిపిస్తూ కంటి దగ్గరికి రావడం ఉందే, అది పగవాడికి కూడా వద్దు. ఏడు సూదులు. మొదట నెలకొకటి, తర్వాత ఆగి ఆగి, పదకొండు నెలల్లో. పోయిన వారం ఫ్రిజ్జు దగ్గర నీళ్ళ సీసా తీస్తూ కాగితం చూసి, కొత్తది తెచ్చావా, ఇది బాగానే అచ్చేశారే అన్నాను. అదేనండీ, పాతదే అంది. కాదు కొత్తదే అని వాదించాను. వాదించి గెలిచాను కూడా, ఆవిడే ఊరుకుంది. ఇప్పుడు తెలుస్తోంది, కాగితం మారలేదు, నేల మారలేదు, దారం ఏనాడూ మారలేదు.

మరి ఈ హాలు తర్వాత వేసినవి? ఆ నాలుగు నెలల్లో ఇంకో మూడు ఇళ్ళు వేశాను, ఒక్కణ్ణే, వచ్చిన కూలీలతో. ఆ టీచరమ్మ వంటగది. నేల చూసి చాలాసేపు నిలబడి, బాగుందండీ అంది, ఆ "బాగుందండీ"లో ఏదో ఉందని అప్పుడే అనిపించింది, మళ్ళీ స్నానాల గదికి నన్ను పిలవలేదు, వేరేవాణ్ణి పెట్టుకుంది, ఓర్వలేనివాళ్ళెవరో చెడగొట్టారనుకున్నాను. ఆ మెట్లు, అయ్యో ఆ మెట్లు, ముసలివాళ్ళున్న ఇల్లు, ఒక్కో మెట్టు అంచు ఎలా పెట్టానో ఏమో, ఎవరైనా తట్టుకుని పడ్డారేమో. ఒక్కళ్ళు, ఒక్కళ్ళయినా, మేస్త్రీ, ఇది వంకర అని మొహం మీద అనలేదే! ఎందుకంటారు? అన్నవాడు ఒక్కడున్నాడు. వాడికి ఏం జరిగిందో ఈ హాల్లో అందరూ చూశారు.

"మొదటి నంబరు!" నర్సమ్మ కేక. మా ఆవిడ ఫైలు తేవడానికి వెళ్ళింది, ఇంకా రాలేదు, ప్రతిసారీ ఫైలు కోసం ఇంతసేపు ఎందుకు పడుతుందో దానికి. గోడ పట్టుకుని లేచాను. ఆ నేల దాటి వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళుగా నేలల మీద నడుస్తున్నాను, ఇంత కష్టంగా ఎప్పుడూ నడవలేదు, జాయింటు మీద అడుగు పెట్టకుండా చిన్నపిల్లల్లా దాటుకుంటూ వెళ్ళాను. గదిలో గడ్డం మిషను మీద ఆనించాను, ఆకుపచ్చ గీత ఒకటి కదిలింది, కదలకండి అంది నర్సమ్మ.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ తిప్పి చూపించింది. "ఇదిగో, ఇది మీ కుడి కన్ను. వాపు పూర్తిగా తగ్గిపోయింది, పొర చక్కగా కూర్చుంది. మీరు పలక కూర్చోబెట్టినట్టు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఎడమ కంట్లో మాత్రం మధ్యలో మచ్చ పడిపోయింది మేస్త్రీ గారూ. అది ఇక అంతే. ఆ నాలుగు నెలలు తప్పించుకోకుండా ముందే వచ్చుంటే దక్కేదేమో. కుడి కన్ను కూడా నయమైందని వదిలేయకండి, షుగరు అదుపు తప్పితే మళ్ళీ కారుతుంది."

"అమ్మా, హాల్లో నేల" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "కనిపించిందా?"

"మీకు తెలుసా?"

"వేసిన రోజు నుంచీ తెలుసు. కుర్చీలు వేస్తే కనబడదులెండి. కళ్ళు నయమైనవాళ్ళే వచ్చి చెబుతుంటారు, డాక్టరమ్మా, మీ నేల వంకరగా ఉందీ అని."

"పీకించలేదేం మరి?"

"మీ పని ఆపొద్దు, పీకించొద్దు అని మీ బావమరిదే అన్నాడు. తనే వచ్చి ఊరికే వేసిస్తానన్నాడు, బావ చూశాక వేస్తానన్నాడు."

"వాడా? వాడు ఎప్పుడొచ్చాడు?"

"ఆ రోజు మధ్యాహ్నమే. చెంప వాచి ఉంది, ఫిర్యాదు చేయడానికేమో అనుకున్నా." ఆవిడ గొంతు తగ్గించింది. "అమ్మా, మా బావకి షుగరుంది, దారం వంకరగా ఉందంటున్నాడు, బిగించి కట్టిన దారం వంకరగా ఉండదమ్మా, ఒక్కసారి కళ్ళు చూడండి అన్నాడు. నేను చెప్పానని మాత్రం చెప్పకండి, చెబితే రాడు అన్నాడు. నేను చెప్పలేదు. అయినా మీరు నాలుగు నెలలు రాలేదు."

చెంప మీద నా అయిదు వేళ్ళు పెట్టుకుని వెళ్ళి నా కళ్ళ గురించి అడిగాడు వాడు. నేను కొట్టిన పూటే, అన్నం తిన్నాడో లేదో. నేనేమో మర్నాడు పొద్దున్నే పలకల కొట్టు దగ్గర కూర్చుని వాణ్ణి తాగుబోతుని చేశాను. ఇంత మంచితనం మనిషికెందుకుండాలి, తిరిగి ఒక్కటి కొట్టి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే బాగుండేది, నా కుడి కన్ను వాడిచ్చింది, ఎడమ కన్ను నా కోపం తీసుకుంది. ఏడుపొచ్చింది. నర్సమ్మ దూది ఇచ్చి, తుడవకండి, అద్దుకోండి అంది.

బయటికొచ్చేసరికి కుర్చీలు వేసేశారు, జనం నిండిపోయారు, నేల దాదాపు కనబడడం లేదు, కాళ్ళే కాళ్ళు. మా ఆవిడ గుమ్మం బయట ఫైలు చంకలో పెట్టుకుని ఫోనులో మాట్లాడుతోంది. నన్ను చూసి గబుక్కున పెట్టేసింది. ఫోను ఇటివ్వు అన్నాను. ఎందుకండీ అంది. ఇవ్వవే. ఇచ్చింది. నా కుడి కంటికి ఆ చిన్న అక్షరాలు కనిపించాయి, తమ్ముడు, తమ్ముడు, తమ్ముడు, వరసగా అదే పేరు, పదకొండు నెలలుగా ఈ ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ ఫైలు కోసమని వెళ్ళి మా ఆవిడ చేస్తున్న పని ఇది.

"నీకు కూడా తెలుసా? నేల సంగతి?"

"తెలుసు."

"ఒక్కసారైనా చెప్పలేదేమే?"

దాని మొహం చూశాను. చాలా రోజులకి, నిజంగా, గీత గీతా చూశాను, కళ్ళ కింద ఇంత నలుపు ఎప్పుడొచ్చిందో, ముందు జుట్టు అంతా ఎప్పుడు నెరిసిందో. "చెప్పినవాణ్ణి ఇంట్లోంచి పంపేశారు. నేను కూడా చెప్పి ఎక్కడికి పోనండీ?" అంది. కోపంగా అనలేదు, మందులు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పినట్టు అంది.

మొదటి పేరు మీద వేలు పెట్టాను. ఒక్క రింగుకే ఎత్తాడు. "అక్కా, ఏమైంది, మధ్యలో పెట్టేశావే? ఏమన్నారు? పొర కూర్చుందా?" వెనక ఎవరో బస్తాలు దించుతున్న చప్పుడు, ఎవరో జరగండి జరగండి అంటున్నారు. వాడు ఆయాసపడుతున్నాడు. "అక్కా? బావకి బాగానే ఉందా? అక్కా, చెప్పవే!"

"ఒరేయ్ పుల్లా" అన్నాను.

అటువైపు బస్తాల చప్పుడు మాత్రం వస్తోంది. క్షమించరా అనాలి, రేపు పొద్దున్నే పలకల కొట్టు దగ్గర అందరి ముందూ నిలబడి తాగింది వీడు కాదు, కళ్ళు పోయింది నాకు అని చెబుతాను, చెబుతానురా, అనాలి, అవన్నీ నాలుక మీదే ఉన్నాయి, ఒక్కటీ జారలేదు. మా ఆవిడ ఫైలు గుండెకి అదుముకుని నా మొహంలోకి చూస్తోంది. జనంలో ఎవరో చెప్పులు వేసుకుని లోపలికొస్తున్నారు, ఆయా తిడుతోంది.

"దారం ఉండ నా దగ్గరే ఉందిరా" అన్నాను. "తీసుకొస్తాను. ఆసుపత్రి హాలు పీకాలి. నువ్వు రావాలి, నువ్వు కట్టాలి దారం. నేను ముట్టుకోను."

పెట్టేశాడేమో అనుకున్నాను, పెట్టేస్తే పెట్టేయనీ, నాకు కావలసిందే అనుకున్నాను. తర్వాత, ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే పని మొదలుపెట్టేముందు అడిగే గొంతుతోనే, మెల్లగా, ఎవరూ వినకుండా అడిగాడు.

"ఎక్కణ్ణుంచి పీకాలి బావా?"

హాలంతా వినబడేలా చెప్పాను.

"మూడో వరస నుంచిరా."